అరవై మూడెందుకు, అరవై నాలుగెందుకు కాదు?



నాణేలు సేకరించేవాళ్లు నలుగురు కలిస్తే ఈమధ్య అన్నిటికన్నా ముందు వినిపించే మాట ఇది: “నా రూపాయికి అరవై మూడే ఇచ్చారండీ. అరవై నాలుగెందుకు రాలేదంటారు?” ఆ పక్కాయన అందుకుంటాడు. “మీకు అంకైనా వచ్చింది. నాది కడిగిన నాణెమని రాసి తిప్పి పంపారు. ఎక్కడ కడిగారో, ఎవరు కడిగారో నాకే తెలియదు.” గ్రేడింగ్ సంస్థలను సేకరణకర్తలు అడిగే ప్రశ్నలు, చేసే సూచనలు చాలానే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి ఈ పూట మీ ముందు పెడతాను.

సంగతి కొత్తగా వింటున్నవారి కోసం ముందు ఈ పని ఏమిటో చెప్పాలి. అమెరికాలో పీసీజీఎస్ అనీ, ఎన్‌జీసీ అనీ రెండు పెద్ద సంస్థలున్నాయి. రుసుము కట్టి నాణెం పంపితే అది అసలుదా నకిలీదా చూస్తారు. అసలుదైతే ఎంత బాగా నిలిచిందో చూసి 1 నుంచి 70 దాకా ఒక అంకె ఇస్తారు. నాణేన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, అంకె రాసిన చీటీని కూడా లోపలే ఉంచి, మళ్లీ తెరిస్తే ఆనవాలు దొరికేటట్టు సీలు చేస్తారు. దాన్నే మనవాళ్లు స్లాబ్ అంటారు.

ఇది ఊరికే పుట్టిన పద్ధతి కాదు. 1970లలో, 80లలో అమెరికా నాణేల బజారులోకి డబ్బు వరదలా వచ్చింది. అమ్మొచ్చినవాడి దగ్గర “కాస్త అరిగింది” అని తగ్గించి కొన్న నాణెమే మర్నాటికి అద్దాల బీరువాలో “అసలు వాడనిది” అయి కూర్చునేది. కొనేవాడికి దిక్కు లేదు. అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ 1972లో నాణేల అసలు నకిలీ తేల్చే విభాగం పెట్టింది. 1979 నుంచి గ్రేడు కూడా చెప్పడం మొదలుపెట్టి, ఫొటోతో ధ్రువపత్రం ఇచ్చేది. మంచి ప్రయత్నమే గానీ కాగితం ఒకచోట, నాణెం ఒకచోట. మంచి నాణెం కాగితాన్ని నాసి నాణేనికి జతచేయకుండా ఆపేదేముంది? 1986లో పని మొదలుపెట్టిన పీసీజీఎస్ ఆ రెంటినీ ఒకే పెట్టెలో బంధించింది. ఇచ్చిన గ్రేడుకు పూచీ కూడా పడింది. మరుసటి ఏడాది ఎన్‌జీసీ వచ్చింది. చూడకుండానే, ఫోను మీదే నాణేలు కొనడం అమ్మడం అలా సాధ్యమయింది.

ఇక ఆ 70 ఎక్కడి నుంచి వచ్చింది? ఇది సేకరణకర్తలు తరచుగా అడిగే ప్రశ్న. వందో, పదో పెట్టకుండా 70 ఏమిటి? 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా పాత రాగి సెంట్ల మీద ఒక పుస్తకం వేశాడు. పూర్తిగా అరిగిపోయి, ఏ నాణెమో మాత్రం పోల్చుకోగలిగే స్థితిని 1 అన్నాడు. అచ్చు నుంచి ఇప్పుడే దిగినట్టున్నదాన్ని 70 అన్నాడు. ఎందుకంటే అప్పటి బజారులో మొదటిది ఒక డాలరు చేస్తే రెండోది డెబ్బై డాలర్లు చేసేది. అంటే అది ధర కొలవడానికి గీసిన గీటు. ఆ ధరలు కొద్దికాలానికే మారిపోయాయి, గీటు మాత్రం మిగిలింది. 1970లలో దాన్ని అమెరికా నాణేలన్నిటికీ వర్తింపజేశారు. ఆ తర్వాత ఈ సంస్థలు చూసే ప్రపంచ నాణేల్లో చాలావాటికి అదే అయింది. బ్రిటిష్ రాజు జార్జి పేరిట వచ్చిన మన రూపాయిని కూడా ఈరోజు ఆ రాగి సెంటు గీటు మీదే నిలబెట్టి చూస్తున్నారు.

వాడకంలోకి వెళ్లిన నాణేలకు 58 దాకా అంకెలున్నాయి. వాడకంలోకి వెళ్లనివాటికి 60 నుంచి 70 దాకా పదకొండు మెట్లు. 2010 నుంచి కొన్ని మెట్లకు పక్కన ప్లస్ గుర్తు కూడా చేరింది. గొడవంతా ఈ పదకొండు మెట్ల దగ్గరే. 

గ్రేడర్ ఏం చూస్తాడో ఒకసారి మీరూ చూడండి. పాత వెండి డాలరు, మోర్గాన్ డాలరంటారు, ఒకటి తీసుకుందాం. గదిలో దీపాలార్పి బల్ల మీద ఒక్క దీపం పెట్టుకోవాలి. నాణేన్ని అంచులు పట్టుకుని ఆ వెలుగు కింద మెల్లిగా వంచాలి. వాడని నాణెమైతే వెలుగు రెండు పాయలుగా విడిపోయి, బండిచక్రం ఆకుల్లా నాణెం చుట్టూ తిరుగుతుంది. అచ్చు దెబ్బకు లోహం బయటివైపు పారినప్పుడు ఏర్పడిన కంటికానని సన్నగీతల మీద పడి వెలుగు అలా తిరుగుతుంది. ఇప్పుడు బొమ్మ చెవి పైన జుట్టు చూడాలి. అక్కడ వెంట్రుకలు విడివిడిగా కనపడకపోతే రెండు కారణాలుండొచ్చు. అచ్చు గట్టిగా పడి ఉండకపోవచ్చు, లేదా చేతులు మారి అరిగి ఉండొచ్చు. వెలుగు చక్రం అక్కడ తెగకుండా సాగిపోతే అచ్చు లోపం. ఆ చోటు మసకగా, బూడిదరంగులో ఆగిపోతే అరుగుదల. తర్వాత చెంప. మోర్గాన్ బొమ్మకు చెంప విశాలం, నున్నన. ఈ డాలర్లను వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో పోసి ఖజానాల్లో పెట్టేవాళ్లు. సంచి కదిలినప్పుడల్లా ఒకదాని అంచు ఇంకోదాని చెంప మీద గాటు పెట్టింది. ఆ గాట్లు ఎన్ని, ఎంత లోతు, కంటికి అడ్డొచ్చే చోట ఉన్నాయా, జుట్టు మడతల్లో దాగి ఉన్నాయా? ఇదంతా కలిపి ఒక్క అంకె చెప్పాలి.

ఇద్దరో ముగ్గురో గ్రేడర్లు విడివిడిగా చూసి అంకెలు చెబుతారు. నాణెం ఎవరిదో వాళ్లకు తెలియనివ్వరు. తన గ్రేడర్లు నాణేల వ్యాపారం చేయకూడదని ఎన్‌జీసీ నియమం పెట్టుకుంది. ఇన్ని జాగ్రత్తలున్నా చెంప మీది ఒక గాటు ఒకరికి చిన్నదిగానూ ఒకరికి పెద్దదిగానూ అనిపించడాన్ని ఎవరూ ఆపలేరు. కాబట్టే అదే నాణెం పెట్టె పగలగొట్టి మళ్లీ పంపితే ఒక్కోసారి వేరే అంకె వస్తుంది. 1990లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పీసీజీఎస్ ప్రకటనల మీద అభ్యంతరం లేవదీసింది. గ్రేడింగ్ నిష్పాక్షికంగా, ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుందన్న ప్రచారం నిజం కాదన్నది దాని వాదన. సంస్థ ప్రకటనల తీరు మార్చుకోవడానికి ఒప్పుకుని రాజీకి వచ్చింది.

అయితే యంత్రం చేత చేయించరాదా అని చాలామంది కుర్రవాళ్లు అడుగుతున్నారు. 1990ల మొదట్లోనే పీసీజీఎస్ “ది ఎక్స్‌పర్ట్” అని ఒక కంప్యూటర్ తయారుచేయించింది. మోర్గాన్ డాలర్ల మీద ప్రయోగించి చూశారు. నిలవలేదు. ఇప్పటి కెమెరాలు, కంప్యూటర్లు అప్పటికన్నా ఎన్నో రెట్లు మేలని నేనూ ఒప్పుకుంటాను. గాట్లు లెక్కపెట్టడం వాటికి కష్టం కాదు. కానీ మెరుపూ రంగూ కలిసి ఒక నాణెం చూపుని పట్టి ఆపే గుణం ఉంది చూశారూ, గ్రేడులో దానికీ భాగముంది. దాన్ని మనుషులే తేల్చాలి, తేల్చాక ఎందుకలా అనుకున్నారో మనుషులే చెప్పాలి.

నా మొదటి సూచన, నిజానికి అన్నిటికన్నా పెద్ద సూచన, ఇదే. అంకెతో పాటు కారణం చెప్పండి. పేజీలకు పేజీలు అక్కర్లేదు. “ఎడమ చెంప మీద రెండు గాట్లు, అచ్చు నడుమ బలహీనం” అన్నా చాలు. మూడు గంటలు పరీక్ష రాసిన పిల్లవాడికి మార్కులతో పాటు దిద్దిన పేపరు చూసే హక్కు ఉన్నప్పుడు, రుసుము కట్టి నెలల తరబడి ఎదురుచూసిన సేకరణకర్తకు ఒక్క వాక్యం దక్కకపోవడం న్యాయం కాదు. రోజుకు వేల నాణేలు చూస్తాం, రాయడం కుదరదని సంస్థలు అనవచ్చు. గ్రేడర్ అంకె నిర్ణయించేటప్పుడే ఆ కారణం మనసులో ఉంటుంది. దాన్ని ఒక మీట నొక్కి నమోదు చేయడానికి పట్టే సమయం ఎంత? ఆ వాక్యం చదివి మళ్లీ దీపం కింద నాణెం పెట్టుకున్నవాడికి చూపు పెరుగుతుంది. ఇవాళ పంపకూడని నాణేన్ని రేపు పంపడు. సంస్థకూ భారం తగ్గుతుంది.

ఈ కారణం లేకపోవడం మనవాళ్లను మరీ బాధపెట్టేది “డీటెయిల్స్” అన్న మాట దగ్గర. నాణెం అసలుదే గానీ ఎవరో కడిగారనో, పాడుచేశారనో తేలితే అంకె ఇవ్వరు. “డీటెయిల్స్” అని రాసి పక్కన తప్పేమిటో ఒకటి రెండు మాటల్లో చెబుతారు. మన ఇళ్లలో నుంచి వెళ్లే నాణేలకు ఇది ఎక్కువగా జరగడానికి కారణం మన ఆచారాలే. పండగ వస్తుందంటే ఇత్తడి చెంబులతో పాటు రాగి కానులనూ చింతపండు పెట్టి తోమారు మన పెద్దలు. వెండి రూపాయిలను విబూదితో రుద్దారు. వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేశారు, దీపావళి నాడు పసుపూ కుంకుమా పెట్టి పూజించారు. బంగారు సవరన్లకు టంకం వేసి కొక్కెం పెట్టి కాసులపేర్లలో గుచ్చారు. తర్వాతి తరం వాళ్లు ఊడదీసి అంచు అరగదీశారు. గ్రేడర్ దీపం కింద ఇవన్నీ బయటపడతాయి. విబూది రుద్దిన నాణెం మీద ఒకే వైపుకు సాగిన వెంట్రుకంత గీతలుంటాయి. వెలుగు చక్రం తిరగదు, ముఖమంతా ఒకేసారి తళుక్కుమంటుంది. కొక్కెం ఊడిన చోట అంచు రంగు తేడా తెలుస్తుంది.

అలాంటి నాణేనికి మామూలు అంకె ఇవ్వమని నేను అడగను. అది కొనేవాడికి అన్యాయం. నేను అడిగేది, గీతలు ఎక్కడున్నాయో ఒక ఫొటోలో చూపించమని. “కడిగినది” అన్న ఒక్క మాట కింద ఎనభై ఏళ్ల కిందట ఒకసారి చింతపండు తగిలిందీ, నిన్న డీలరు రసాయనంలో ముంచిందీ ఒకే గాటన పడిపోతున్నాయి. ఆ తేడా చూసేవాళ్ల కంటికి తెలుస్తుంది. తెలిసిన తేడాను రాయాలి. నాణేలున్న ఇళ్లకు మాత్రం ఒక మాట. ఇకనైనా తోమకండి. ఎంత నల్లబడినా అలాగే ఉంచండి. మెత్తటి పీవీసీ కవర్లలో కూడా పెట్టకండి. కొన్నేళ్లకు నాణెం మీద పచ్చటి జిగురు చేరుతుంది.

రుసుముల సంగతి. మామూలుగా దొరికే 1940ల నాటి రూపాయికి గ్రేడింగ్ చేయించాలంటే రుసుము, రానూపోనూ కొరియరు, బీమా కలిపి నాణెం ఖరీదు దాటిపోతుంది. అలాంటివి పంపకపోవడమే మంచిది, ఆల్బమ్‌లో హాయిగా ఉంటాయి. ఖరీదైనవాటి దగ్గర వేరే ప్రశ్న ఉంది. నాణెం విలువ పెరిగేకొద్దీ రుసుమూ పెరిగే పద్ధతి ఉంది. పై స్థాయిల్లో విలువలో ఇంత శాతమని తీసుకుంటారు. పూచీ పడుతున్నాం, నష్టం వస్తే మేమే కట్టాలి కనుక అంటారు. అది అర్థమయ్యే మాటే. కానీ పెద్ద అంకె వేస్తే పెద్ద రుసుము వచ్చే ఏర్పాటు తీర్పు చెప్పేవాళ్లకు ఉండకూడదు. పంపేటప్పుడే రుసుము ఖరారు చేసి, అంకె ఏదొచ్చినా అందులో మార్పు లేకుండా ఉంచాలని సేకరణకర్తలు కోరడం సబబే.

ఏ గ్రేడులో ఎన్ని నాణేలున్నాయో సంస్థలు లెక్కలు ప్రకటిస్తాయి. ఆ లెక్క చూసి ధరలు కడతారు. పెట్టె పగలగొట్టి పదేపదే పంపిన నాణెం పాత చీటీలు తిరిగి ఇవ్వకపోతే ఒకే నాణెం లెక్కలో మూడు నాలుగు సార్లు చేరుతుంది. పాత చీటీ తెచ్చిచ్చినవాళ్లకు తర్వాతి రుసుములో కొంత తగ్గిస్తే ఈ లెక్కలు చాలావరకు సరిపడతాయి.

ఫొటోల గురించి గట్టిగా అడగాలి. పదిహేనేళ్లకు పైగా నకిలీ నాణేలే కాదు, నకిలీ స్లాబులు కూడా బజారులో తిరుగుతున్నాయి. ప్లాస్టిక్ పెట్టె అలాగే ఉంటుంది, చీటీ అలాగే ఉంటుంది, దాని మీది నంబరు కూడా నిజమైనదే, ఎక్కడో ఉన్న అసలు నాణేనిది. ఆ నంబరు కొడితే నాణెం ఫొటో కనపడాలి. అప్పుడు గాటుకు గాటు పోల్చి చూసుకోవచ్చు. ఈ ఫొటోలు కొన్ని నాణేలకు ఉన్నాయి, కొన్నిటికి లేవు, కొన్నిటికి విడిగా డబ్బు కట్టాలి. 1939 నాటి ఆరో జార్జి రూపాయి సంగతే చూడండి. పాత ప్రమాణంలో, అంటే వెయ్యికి 917 పాళ్ల వెండితో వచ్చిన చివరి రూపాయి అది. 1940 నుంచి నాణెంలో వెండి సగం పాళ్లకు పడిపోయింది. 1939 రూపాయి చాలా అరుదు కావడంతో 1938లోని 8ని చెక్కి 9 చేసే పనితనం బజారులో ఉంది. అటువంటి నాణెం స్లాబులో ఉన్నా ఫొటో లేకపోతే కొనేవాడికి పూర్తి ధైర్యం చిక్కదు. ఫొటో ప్రతి నాణేనికీ, అదే రుసుములో ఉండాలి.

నిపుణుల కన్ను పొరపడటమూ, నిపుణుల కన్నే సరిదిద్దడమూ రెండూ చూపించిన ఒక నాణెం ఉంది. 1913 నాటి లిబర్టీ నికెల్, అయిదే అయిదు తెలుసు. వాటిలో ఒకటి జార్జి వాల్టన్ అనే సేకరణకర్త దగ్గర ఉండేది. 1962లో ఆయన కారు ప్రమాదంలో పోయాడు. నాణేన్ని పరిశీలించినవాళ్లు తేదీ మార్చిన నకిలీ అని కుటుంబానికి తిప్పి ఇచ్చేశారు. ఆయన సోదరి దాన్ని ఏళ్ల తరబడి అలమరలో దాచింది. 2003లో బాల్టిమోర్‌లో జరిగిన ప్రదర్శనకు మిగిలిన నాలుగూ వస్తున్నాయని తెలిసి వారసులు దీన్నీ తీసుకెళ్లారు. ఆరుగురు నిపుణులు రాత్రివేళ అయిదింటినీ పక్కపక్కన పెట్టి చూసి అసలుదేనని ఏకగ్రీవంగా తేల్చారు. 2013లో అది 31 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. నలభై ఏళ్లు ఒక్క మాట ఆ నాణేన్ని చీకట్లో ఉంచింది. ఆ మాటకు కారణం వివరంగా రాసిపెట్టి ఉంటే ఎవరో ఒకరు ముందే ప్రశ్నించేవారని నా నమ్మకం.

ఇక మన నాణేల దగ్గరికి వద్దాం. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. నడిమి ద్వారంలో భూతద్దం పెట్టి చూస్తే ఒక అక్షరం ఉంటుంది. అది ‘ఐన్’, ఉస్మాన్ పేరులో మొదటిది. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాణెం మీద అదే చోట ‘మీమ్’ ఉంటుంది. ఉస్మాన్ తొలి రూపాయిల్లో ఆ ‘ఐన్’ పూర్తిగా ఉన్న రకం వేరు, మొదటి వంపు మాత్రమే ఉన్న రకం వేరు. హైదరాబాదులో పిల్లవాడి నుంచి పెద్దవాడి దాకా సేకరించేవాళ్లకు ఇది ఓనమాలతో సమానం. చీటీ మీద ఈ రకం సరిగా రావాలంటే అరబిక్ లిపి చదవగలిగిన, దక్కన్ నాణేలు చేత్తో పట్టుకుని పెరిగినవాళ్లు గ్రేడింగ్ బల్ల దగ్గర ఉండాలి. రకాన్ని రాయడానికి విడిగా రుసుము తీసుకునే పద్ధతి ఉంది. తీసుకున్నప్పుడైనా చదవగలిగినవాళ్ల చేత చదివించాలి. నాణెం మీది హిజ్రీ సంవత్సరాన్ని నాణెం మీద ఉన్నట్టే వేసి, పక్కన మన సంవత్సరం వేయాలి.

ఆ సంవత్సరం మనకు ఇంకో కారణానికి కూడా ముఖ్యం. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప మరొకరు దాన్ని దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా. గ్రేడింగుకే కదా, మళ్లీ తిరిగొస్తుంది కదా అంటే చట్టం ఒప్పదు. సెలవులకు వచ్చి డల్లాస్‌కో న్యూజెర్సీకో తిరిగి వెళ్లే అబ్బాయి సూట్‌కేసులో పెట్టి పంపినా అదే నేరం. నిజాం రూపాయిల ఆల్బమ్‌నే తీసుకోండి. హిజ్రీ 1330 నాటిది 1912 ప్రాంతపుది, దేశం దాటకూడదు. హిజ్రీ 1361 నాటిది 1942 నాటిది, దానికి ఈ అడ్డు లేదు. ఒకే పాలకుడి నాణేలు, ఒకే చార్మినార్, ఆల్బమ్ మధ్యలో చట్టం గీసిన గీత. ఆ గీత ఏటా ఒక్కో పేజీ ముందుకు జరుగుతూ ఉంటుంది. అయిదో జార్జి కోటు మీది ఏనుగు పందిలా ఉందని గొడవ పుట్టించిన 1911 రూపాయి కూడా ఇటువైపే ఉండాలి.

కాబట్టి నాణేలు సేకరించి పంపుతామని మీ ఊరికి ఎవరైనా వస్తే, రుసుమెంత అని అడిగే ముందు నాణేన్ని ఏ దేశంలో తెరిచి చూస్తారని అడగండి. నూరేళ్లు దాటినవాటిని ఈ గడ్డ మీదే చూసి, ఈ గడ్డ మీదే సీలు చేసే ఏర్పాటు ఉంటేనే ఇవ్వండి. నాణెం వయసు మీద అనుమానముంటే పురావస్తువు కాదన్న ధ్రువపత్రం కోసం భారత పురావస్తు శాఖను అడగవచ్చు. గ్రేడింగ్ సంస్థలను నేను అడిగేదీ అదే. మా దేశం నుంచి వచ్చే దరఖాస్తులో నాణెం ముద్రించిన సంవత్సరానికి ఒక గడి పెట్టండి. నూరేళ్లు దాటితే అక్కడే ఆపి, ఎందుకు ఆపారో సేకరణకర్తకు రాసి చెప్పండి.